సెల్లార్‌లో బాత్రూం: వాలు మీద పోనిద్దామా, పంపు పెడదామా, అసలు పైనే కట్టుకుందామా

కర్నూల్లో కొత్త కాలనీల వైపు పోతే కనపడతాంటాయి గదా, రోడ్డు కంటే నాలుగైదు అడుగులు పల్లంలో ఉన్న ప్లాటు కొన్నోళ్ళు అంత మట్టి యాడ తోలించేదిలే అని కింద సెల్లార్ లేపి దాని మీద ఇల్లు కట్టుకుంటారు. కింద గోడలకు ప్లాస్టరింగ్ ఉండదు, కింద ఒట్టి కాంక్రీటు, రెండు బండ్లు, మిగిలిపోయిన సిమెంటు మూటలు, అంతే. నాలుగేళ్ళు పోయినాక పిల్లోడు వర్క్ ఫ్రం హోం అంటాడు, లేదా ఎవరో ట్యూషన్ సెంటరుకి అద్దెకు అడుగుతారు, అప్పుడు మొదలవుతాది కింద ఒక బాత్రూం ఉంటే బాగుండు అని. వెంటనే అందరూ అడిగేది ఏ కంపెనీ కమోడ్, ఏ టైల్స్ అని. అది ఆఖర్న చూసుకోవచ్చు, ముందు తేలాల్సింది కింద పోసిన నీళ్ళు పైన ఉన్న రోడ్డు డ్రైనేజీలోకి ఎట్ల ఎక్కుతాయి అనేది. అది తేలితే మిగతావన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి రెండ్రోజుల్లో అయిపోతుంది అనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు ఈ మధ్య. అక్కడ చలికాలం నేల గడ్డకడుతుంది కాబట్టి పునాది ఆ లోతు దాటి కిందికి దించాల్సిందే, ఎట్లాగూ తవ్వినాం గదా అని దాన్నే బేస్‌మెంట్ చేసుకుంటారు, చాలా ఇళ్ళల్లో కింద కాంక్రీటు పోసే ముందే బిల్డరు బాత్రూం పైపుల మూతులు పైకి వదిలిపెట్టి పోతాడు. ఇంకోటి, వాళ్ళ బాత్రూం పొడి బాత్రూం, షవర్ పెట్టెలో తప్ప నేల మీద నీళ్ళు పడవు. మనది బకెట్టు, మగ్గు, జెట్ స్ప్రే, గోడలు నేల అంతా తడుస్తాది, కాబట్టి వాళ్ళ లెక్క మనకు అతకదు.

సరే, లెవెల్ సంగతి. బేల్దారి దగ్గర సన్నటి ట్రాన్స్‌పరెంట్ పైపు ఉంటాది, లేకపోతే హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన ఇస్తారు, ముప్పై నలభై అడుగులు తీసుకోండి. దాంట్లో నీళ్ళు నింపి లోపల గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా తట్టి తట్టి పంపించేయాలి, బుడగ ఉంటే లెవెల్ తప్పు చూపిస్తాది. ఒకరు గేటు బయట ఇంటి మురుగు రోడ్డు లైనులో కలిసే చాంబర్ దగ్గర కూర్చుని ఆ కొనలో నీళ్ళు మూత మట్టానికి నిలిచేటట్టు పట్టుకోవాలి, ఇంకొకరు రెండో కొన సెల్లార్‌లోకి తీసుకుపోయి గోడకు ఆనించి నీళ్ళు యాడ ఆగినాయో అక్కడ పెన్సిలుతో గీత గీయాలి. ఆ గీత నుంచి సెల్లార్ నేలకు టేపు పెట్టి కొలవండి, అది మొదటి నంబరు. తర్వాత చాంబర్ మూత ఎత్తి లోపల పైపు అడుగు దాకా కర్ర దించి కొలవండి, అది రెండోది. బాత్రూం అనుకున్న మూల నుంచి చాంబర్ దాకా దూరం మూడోది. ఈ మూడూ ఒక అట్టముక్క మీద రాసుకుని అప్పుడు ప్లంబరును పిలవండి, ఎందుకంటే "సార్, నీళ్ళు పల్లానికే గదా పోయేది, వాలు ఇచ్చేస్తాం" అని ఆయన అన్నప్పుడు "పల్లం ఏ వైపుంది అన్నా?" అని అడగడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

లెక్క ఇట్ల వేసుకోవాలి. నాలుగంగుళాల పైపుకు అడుగుకు పావంగుళం వాలు ఇస్తారు, అంటే పది అడుగులకు రెండున్నర అంగుళాలు, ముప్పై అడుగులైతే ఏడున్నర. సెల్లార్ నేల రోడ్డు చాంబర్ మూతకంటే 5 అడుగులు కింద ఉంది, చాంబర్ లోపల పైపు 2 అడుగుల లోతులో ఉంది అనుకోండి, అప్పటికే మీ నేల ఆ పైపుకంటే 3 అడుగులు కింద ఉన్నట్టు, దాని మీద వాలుకు ఏడున్నర అంగుళాలు, నహానీ ట్రాపుకు (నేల జాలీ కింద వాసన రాకుండా నీళ్ళు నిలిచే గిన్నె) నేల కింద ఒక ఆరంగుళాలు, మొత్తం నాలుగడుగుల పైన తక్కువ పడతాది. ఎంత మంచి మేస్త్రి వచ్చినా ఈ నాలుగడుగులు ఆయన జేబులోంచి తీసియ్యలేడు. ఇట్లాంటి ఇంటికి పంపు ఒక్కటే దారి, లేకపోతే పైన కట్టుకోవడం. అదే సగం సెల్లార్ అయి నేల రెండున్నర అడుగులు మాత్రమే కింద ఉంటే కథ వేరే, అప్పుడు దిమ్మె కట్టి, అంటే బాత్రూం నేలను ఎత్తు చేసి, వాలు మీద పంపించే ఆశ ఉంటాది.

దిమ్మె కట్టి వాలు మీద పంపడం

నాకు అడిగితే కుదిరినచోట దీన్ని మించింది లేదు, కరెంటు అక్కర్లేదు, పంపు లేదు, చెడిపోయేదేమీ లేదు. కాకపోతే ఎత్తు దగ్గర ఇరుక్కుంటారు. ఇందాకటి సగం సెల్లారే తీసుకుందాం, చాంబర్‌లో పైపు మీ సెల్లార్ నేలకంటే ఆరంగుళాలు పైన ఉంది, ముప్పై అడుగుల వాలుకు ఏడున్నర, అంటే బాత్రూంలో పైపు అడుగు నేల నుంచి పదమూడున్నర అంగుళాల ఎత్తులో మొదలవ్వాలి. ఇక్కడ కమోడ్ రకం పనికొస్తాది. ఎస్ ట్రాప్ కమోడ్ నేలలోకి దిగిపోతాది, పీ ట్రాప్ కమోడ్ వెనక గోడలోకి పోతాది, దాని మూతి నేల నుంచి ఏడంగుళాల ఎత్తులో ఉంటుంది. పీ ట్రాప్ పెడితే తొమ్మిదంగుళాల దిమ్మె సరిపోతుంది. కానీ స్నానం నీళ్ళు నేల మీద పడతాయి గదా, నహానీ ట్రాపు దిమ్మె లోపలే కూర్చోవాలి, దానికి ఇరవై అంగుళాల దిమ్మె కావాల్సి వస్తాది.

అంటే దిమ్మె ఎత్తు తేల్చేది కమోడ్ కాదు, నహానీ ట్రాపు. ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు. సెల్లార్ ఎత్తు 8 అడుగులైతే ఇరవై అంగుళాల దిమ్మె మీద మనిషి తలకు మిగిలేది 6 అడుగుల 4 అంగుళాలు, నేషనల్ బిల్డింగ్ కోడ్ బాత్రూంకు కనీసం 2.1 మీటర్లు, అంటే దాదాపు 7 అడుగులు ఉండాలంటుంది, పైగా మనకు పైన బీము ఉంటే ఇంకా దిగుతుంది. అదే తొమ్మిదంగుళాల దిమ్మె అయితే 7 అడుగుల 3 అంగుళాలు, హాయిగా సరిపోతుంది. అందుకని ఎత్తు తక్కువ ఉన్న సెల్లార్‌లో నేను చెప్పేది, కింద లెట్రిను, వాష్‌బేసిను మాత్రం పెట్టుకోండి, స్నానం పైన చేయండి. ట్యూషన్‌కో ఆఫీసుకో అయితే స్నానంతో పనే లేదు గదా. నేల కడిగిన నీళ్ళ మాటేంది అంటారా, మూలన ఒక చిన్న గుంత, దాంట్లో చిన్న డ్రైనేజ్ పంపు పెట్టుకుంటే ఒట్టి నీళ్ళే కాబట్టి పెద్ద తంటా ఉండదు, మలం పంపు దాకా పోనక్కర్లేదు.

ఇంకో పక్క చూసుకోవాల్సింది వెనక్కి తన్నడం. మీ కమోడ్ మట్టం రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూతకంటే కింద ఉంటే, రోడ్డు లైను జామ్ అయినప్పుడు వీధి మురుగంతా పైకి పొంగేది ముందు మీ సెల్లార్‌లోనే, రోడ్డు మీదికి తర్వాత వస్తుంది. మన సీమలో వాన తక్కువే, కానీ వచ్చినప్పుడు ఒక్కసారే వస్తుంది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచింది ఎవరూ మర్చిపోలేదు, 2020 నవంబర్‌లో కడపలో బుగ్గవంక, 2022 అక్టోబర్‌లో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీల్లోకి వచ్చాయి. అంత వరద రోజూ రాదనుకోండి, మామూలు వానకే లైను నిండే వీధులు మన మూడు ఊళ్ళలోనూ ఉన్నాయి. కాబట్టి వాలు మీద పోయే పైపుకు బ్యాక్‌వాటర్ వాల్వు, అదే నాన్ రిటర్న్ రకం, మూత తీసి కడగడానికి వీలుండేది, తప్పకుండా పెట్టించాలి, దాన్ని టైల్స్ కింద పూడ్చేయకూడదు. ఏడాదికోసారి వానలకు ముందు ఆ రెక్కకు అతుక్కున్న చెత్త తీయకపోతే అవసరమైన రోజున అది మూసుకోదు.

గుంత తీసి పంపు పెట్టడం

సెల్లార్ పూర్తిగా లోతులో ఉంటే, రోజూ స్నానం, లెట్రిను రెండూ వాడేటట్టైతే, ఇదే పద్ధతి. బాత్రూం నీళ్ళన్నీ వాలు మీద ఒక గుంతలోకి వస్తాయి, గుంతలో మురుగు పంపు ఉంటాది, నీళ్ళు ఒక మట్టానికి రాగానే ఫ్లోట్ స్విచ్చి లేచి పంపు ఆన్ అయి రెండంగుళాల పైపులో పైకి తోసేస్తాది. వినడానికి ఇంతే, చెడగొట్టుకోవడానికి మాత్రం చాలా దారులున్నాయి.

గుంత సైజు. మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క వేస్తారు, కింద ఇద్దరుంటే 270. మూడడుగులు బై మూడడుగుల గుంతలో ఒక్కో అడుగు లోతుకు సుమారు 250 లీటర్లు పడతాయి. పంపు మునిగి ఉండడానికి అడుగున ఒక అడుగు, ఆన్ అయ్యే మట్టానికీ ఆఫ్ అయ్యే మట్టానికీ మధ్య ఒక అడుగు, కరెంటు పోయినప్పుడు నిలవ ఉండటానికి దాని పైన ఇంకో అర అడుగు, దాని పైన వచ్చే పైపు. ఆ పైపే నేలకు అడుగు కింద ఉంటాది కాబట్టి మొత్తం మూడున్నర నుంచి నాలుగడుగులు. ఆ అర అడుగులో 125 లీటర్లు పడతాయి, ఆరు లీటర్ల ఫ్లష్ అయితే ఇరవై సార్లు, ఇరవై లీటర్ల బకెట్టు స్నానమైతే ఆరు. కరెంటు లేనప్పుడు ఎవరూ స్నానానికి దిగకుండా ఉంటే చాలు. ఇంకా పెద్దగా తీద్దాం, ట్యాంకంత తీద్దాం అని కొందరంటారు, వద్దు, మురుగు ఒక రోజుకు మించి నిలిస్తే కుళ్ళి వాసన పుడుతుంది, గుంత చిన్నగా ఉండి పంపు రోజూ తిరిగితేనే మంచిది.

తవ్వే చోటు గురించి ఇంజినీరును అడక్కుండా గడ్డపార ఎత్తొద్దు. సెల్లార్ నేల మామూలు పీసీసీ (ఇనుము లేని ఒట్టి కాంక్రీటు) అయితే కట్టర్‌తో కోసి తవ్వుకోవచ్చు, ర్యాఫ్ట్ పునాది అయితే ఆ కాంక్రీటే ఇంటి బరువు మోస్తాంది, దాన్ని కోయడానికి లేదు. పిల్లర్ ఫుటింగ్ పక్కనే, అందులోనూ ఫుటింగ్ కంటే లోతుగా, అసలే తవ్వకూడదు. కర్నూలు నల్లరేగడిలో తవ్వితే గుంత గోడలు ఎండాకాలం బాగానే నిలుస్తాయి, వానాకాలం ఉబ్బి నెడతాయి, కాబట్టి ఇటుకతో కట్టి ప్లాస్టర్ పూయడం కాదు, ఆర్‌సీసీ పోయండి. అనంతపురం వైపు చాలాచోట్ల నాలుగడుగులకే బండ తగులుతుంది, అక్కడ బ్రేకర్ ఖర్చు పంపు ఖర్చును దాటిపోయినా ఆశ్చర్యపోవద్దు. కేసీ కెనాల్ (కర్నూలు కడప కాలవ) దగ్గర ఉన్న ఇళ్ళవాళ్ళు కాలవకు నీళ్ళు వదిలిన నెలలో ఒకసారి చిన్న గుంత తీసి చూసుకోండి, ఊట వస్తుందేమో. ఊట ఉన్నచోట ప్లాస్టిక్ ట్యాంకు పాతితే ఖాళీగా ఉన్నప్పుడు నేలలోంచి పైకి లేస్తుంది, వెయ్యి లీటర్ల ట్యాంకును నీళ్ళు టన్ను బరువంత పైకి నెడతాయి.

పంపు దగ్గర షాపువాళ్ళు బురద పంపు, ఓపెన్‌వెల్ పంపు ఏదో ఒకటి అంటగడతారు, అవి నీళ్ళకు, మహా అయితే బురదకు. మీరు అడగాల్సింది మురుగు పంపు, గట్టి ముక్కలు దాటించేది లేదా కట్టర్ ఉండేది. అద్దెకిచ్చే ఇల్లయితే రెండు పంపులు పెట్టి వంతులు మార్చుకునే ప్యానెల్ పెట్టించండి, ఎందుకంటే అద్దెకున్నోళ్ళు ప్యాడ్లు, గుడ్డపీలికలు, షాంపూ ప్యాకెట్లు ఏమేం వేస్తారో మీ చేతిలో ఉండదు, ఆదివారం రాత్రి పంపు బిగుసుకుంటే మీకే ఫోన్. పైపుకు నాన్ రిటర్న్ వాల్వు, దాని పైన బాల్ వాల్వు, విప్పడానికి యూనియన్, ఈ మూడూ చేతికందే ఎత్తులో ఉండాలి. పైపును నేరుగా చాంబర్‌లోకి పోనీయకుండా ముందు రోడ్డు మట్టం కంటే పైకి ఎత్తి ఒక వంపు తిప్పి దించాలి, అప్పుడు వీధి లైను నిండినా మురుగు ఆ వంపు ఎక్కి రాలేదు. వాలు పద్ధతికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే, వానకు భయపడే ఇంటికి పంపే మేలు.

మూత గురించి. మనవైపు ఏ చాంబర్‌కైనా కడప బండ వేసి చుట్టూ సిమెంటు మెత్తడం అలవాటు. బయట అది నడుస్తుంది, సెల్లార్ లోపల మూసిన గదిలో ఆ సిమెంటు అంచు ఒక్క వెంట్రుక పగులు ఇచ్చినా చాలు, కింద ఎవరూ కూర్చోలేరు. పంపు చూడాల్సొచ్చిన ప్రతిసారీ బండ పగలగొట్టాలి, మళ్ళీ మెత్తాలి. రబ్బరు సీల్ ఉన్న డబుల్ సీల్ మూత తెచ్చుకోండి, గుంత నుంచి విడిగా ఒక వెంట్ పైపు, అంటే గాలి పైపు, మిద్దె పైదాకా తీసుకుపోండి. వెంట్ లేకపోతే పంపు తిరిగినప్పుడల్లా నహానీ ట్రాపులో నీళ్ళను లోపలికి లాగేస్తాది, ఆ తర్వాత వాసనకు అడ్డేముంది. పంపును గొలుసుతో పైకి లాగేటట్టు వేలాడదీయాలి, దానికోసం మనిషి గుంతలోకి దిగే పని పెట్టుకోవద్దు. ఆ మురుగు గ్యాసు నిమిషాల్లోనే మనిషిని పడగొడుతుంది, రక్షణ సామాను లేకుండా మనుషుల్ని మురుగులోకి దించడం, చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

మెసరేటర్

కమోడ్ వెనక ఒక తెల్ల డబ్బా, దాంట్లో కత్తులు, మలాన్ని రుబ్బి సన్న పైపులో పైకి పంపుతాది. తవ్వే పని లేదు, నేల పగలగొట్టేది లేదు, పైపు ఇంచు, ఇంచుంపావే కాబట్టి గోడ వెంబడి క్లాంపులు కొట్టి తీసుకుపోవచ్చు, మోడల్‌ను బట్టి నాలుగైదు మీటర్ల ఎత్తుకు తోస్తుంది. ర్యాఫ్ట్ పునాది ఉండి నేల కోయడానికి వీల్లేని ఇంటికి, రెండు మూడు రోజులకోసారి వాడే బాత్రూంకు ఇది బంగారం లాంటి ఏర్పాటు.

కానీ మన ఇళ్ళకు దీంతో నాలుగు ఇబ్బందులున్నాయి. వెనక మూతి ఉన్న కమోడ్ తప్పనిసరి, ఇండియన్ సీటుకు పనికిరాదు, కింద కూర్చునేదే కావాలని పెద్దాయన పట్టుబట్టాడంటే దీన్ని మర్చిపోండి. స్నానం నీళ్ళు కూడా దీంట్లోకే పంపాలంటే నహానీ ట్రాపు డబ్బా మూతికంటే పైన ఉండాలి, మళ్ళీ దిమ్మె తప్పదు. ఆడవాళ్ళ పొడుగాటి వెంట్రుకలు కత్తులకు చుట్టుకుంటాయి, స్నానం నీళ్ళకు జాలీ లేకుండా పెట్టొద్దు. నాలుగోది మన బోరు నీళ్ళు. కర్నూల్లో, అనంతపురంలో బోరు నీళ్ళతో గీజరు కాయిల్ మీద తెల్లగా పొర కడుతుంది చూశారు గదా, అదే పొర ఈ డబ్బా లోపల ఫ్లోటు మీద, రబ్బరు పొర మీద కూడా కడుతుంది, కొన్నాళ్ళకు అది ఆన్ అవ్వడమన్నా మానేస్తుంది, ఆఫ్ అవ్వడమన్నా మానేస్తుంది. కంపెనీ చెప్పిన డీస్కేలర్, అంటే ఆ పొర కరిగించే మందు, పోస్తుంటే నడుస్తుంది, పోసే ఓపిక మీకుందా అనేది మీరే ఆలోచించుకోండి. కొనే ముందు సర్వీసు మనిషి మీ ఊళ్ళో ఉన్నాడా, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రావాలా అని అడగండి, ఈ ఒక్క ప్రశ్నకే చాలామంది వెనక్కి తగ్గుతారు. శబ్దం కూడా ఉంటుంది, మిక్సీ వేసినట్టు, పక్కన ఆఫీసు పెట్టుకునేవాళ్ళు షోరూంలో ఒకసారి ఆన్ చేయించుకుని వినండి.

సెల్లార్ కోసం విడిగా లోతుగా సెప్టిక్ ట్యాంకు కట్టేద్దాం అనే సలహా కూడా వస్తుంది, యూజీడీ (అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ) లేని కాలనీల్లో ముఖ్యంగా. నేనైతే వద్దంటాను. ఆ లోతులో సోక్ పిట్ (ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు ఇంకే గుంత) కడితే నల్లరేగడిలో నీళ్ళు ఇంకవు, ఎర్రనేలలో ఇంకుతాయి కానీ మీ బోరుకు దగ్గరైపోతాయి, తాగే నీళ్ళకూ సోక్ పిట్‌కూ మధ్య 18 మీటర్లు ఉండాలి, మూడు సెంట్ల ప్లాటులో ఆ దూరం యాడిది? ఉన్న సెప్టిక్ ట్యాంకుకే పంపుతో ఎక్కించండి. అట్ల ఎక్కించేటప్పుడు పంపు ఒక్కసారే గుమ్మరించకుండా చూసుకోవాలి, పావుటన్ను నీళ్ళు ఒక్క దెబ్బన పడితే ట్యాంకులో అడుక్కి దిగిన మడ్డి కలిగిపోయి సోక్ పిట్‌లోకి పోతుంది. సెప్టిక్ ట్యాంకు ఇళ్ళకు గుంతలో ఫ్లోట్ల మధ్య అడుగు కాకుండా నాలుగంగుళాలు పెట్టండి, ఎనభై లీటర్ల చొప్పున పోతాది.

అసలు పైనే కట్టుకుంటే?

దీన్ని ఎవరూ ఒక ఆప్షన్‌గా లెక్కేయరు, నా మట్టుకు సగం ఇళ్ళకు ఇదే కరెక్టు. మెట్ల కింద ఖాళీ, వెనక సందులో సెట్‌బ్యాక్ వదిలి మిగిలిన మూల, గ్రౌండ్ ఫ్లోర్‌లో స్టోర్ రూం, ఏదో ఒకటి ఉంటుంది. లెట్రిను, స్నానం కలిపి కోడ్ ప్రకారం 2.8 చదరపు మీటర్లు చాలు, అంటే అయిదు బై ఆరు అడుగులు. సెల్లార్ నుంచి పది పన్నెండు మెట్లెక్కితే వచ్చే చోట కడితే పంపు, గుంత, వెంట్, అలారం ఏవీ అక్కర్లేదు, కిందోళ్ళు పైనోళ్ళు ఇద్దరూ వాడుకుంటారు. కింద ఉండేది పిల్లలో ఆఫీసువాళ్ళో అయితే మెట్లెక్కడం వాళ్ళకు లెక్కలోది కాదు. పెద్దవాళ్ళనైతే సెల్లార్‌లో ఉంచాలన్న ఆలోచనే మానుకోండి, బాత్రూం అక్కడే కట్టినా అన్నానికి, వాకిట్లో కూర్చోవడానికి మెట్లెక్కాల్సిందే గదా. సెల్లార్ గది విడిగా అద్దెకిచ్చి బయటి నుంచే దారి పెట్టేటట్టైతే మాత్రం కింద బాత్రూం లేకుండా అద్దె రాదు, అప్పుడు పంపు ఖర్చు పెట్టొచ్చు.

ఖర్చు వరస చెప్తా, రేట్లు మేస్త్రి మేస్త్రికీ మారతాయి కాబట్టి అంకెలు వేయను. అన్నిటికంటే తక్కువ పైన కట్టుకోవడం, దాని తర్వాత దిమ్మె, తర్వాత పంపు గుంత, మెసరేటర్ మెషిన్ రేటు చూస్తే పంపు కంటే చాలా ఎక్కువే కానీ తవ్వే పని లేదు కాబట్టి బండ ఉన్నచోట రెండూ దాదాపు పక్కపక్కకు వస్తాయి. తర్వాతి ఖర్చు మర్చిపోవద్దు, దిమ్మెకు ఏడాదికి వాల్వు కడగడం తప్ప ఏమీ లేదు, పంపుకూ మెసరేటర్‌కూ ఎప్పుడో ఒకప్పుడు రిపేరు ఉంటుంది.

ఏది కట్టినా తేమ ముందు చూసుకోండి. గోడల మీద తెల్లగా ఉప్పు పొంగుతాంటే, చేత్తో రుద్దితే పొడి రాలుతాంటే, అక్కడ టైల్స్ అతికించిన ఏడాదికే టకటకమని బోలు శబ్దం వస్తాయి. ముందు ఊట యాడ నుంచో వెతికి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక వానాకాలం చూసి టైల్స్ వేయండి. నేలకు గ్లేజ్ టైల్స్ కంటే పాలిష్ చేయని కడప బండ, లేదా బేతంచెర్ల బండ నాకిష్టం, కాలు జారదు, మన దగ్గర దొరికేదే, కాకపోతే బాత్రూం క్లీనర్ యాసిడ్ పోస్తే సున్నపురాయి కాబట్టి తెల్లగా తినేస్తుంది, ఇంట్లో ఆ యాసిడ్ అలవాటు ఉన్నోళ్ళు టైల్స్‌కే పోండి. ఎగ్జాస్ట్ ఫ్యాను గాలి సెల్లార్‌లోకే వదిలితే లాభం లేదు, పైపుతో బయటికి తీయాలి. గీజరుకు, పంపుకు 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగ్, తడి సెల్లార్‌లో దీని మీద బేరం ఆడొద్దు. ఇంట్లో ఉన్న చిన్న ఇన్వర్టర్ ఒక హెచ్‌పీ పంపును స్టార్ట్ చేయలేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి, గుంత నిండితే మోగే అలారం ఒకటి బ్యాటరీతో పెట్టుకుంటే చాలు. ఎండాకాలం ఊరికి పోతే మన నలభై డిగ్రీల ఎండకు నహానీ ట్రాపులో నీళ్ళు ఇగిరిపోతాయి, బొద్దింకలు, వాసన రెండూ అక్కడి నుంచే, పక్కింటోళ్ళకు తాళం ఇచ్చి వారానికోసారి నాలుగు మగ్గులు పోయమనండి.

పర్మిషన్ సంగతి కూడా ఒక మాట. ప్లాన్‌లో సెల్లార్‌ను పార్కింగ్‌కని చూపించి అప్రూవల్ తీసుకుని ఉంటే దాన్ని గదిగానో అద్దెకో మార్చడం రూల్‌కు విరుద్ధం, తీసేయించే అధికారం కార్పొరేషన్‌కు ఉంది. డబ్బు పెట్టకముందే మీ ప్లాన్ వేసిన ఎల్‌టీపీనో (లైసెన్సు ఉన్న ప్లాన్ ఇంజినీరు), వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీనో కలిసి ప్లాన్ కాపీ చూపించి అడగండి. యూజీడీ ఉంటే కొత్త కనెక్షన్ కలపడానికి రోడ్డు తవ్వాలన్నా వాళ్ళ దగ్గరికే పోవాలి.

పనికి పెట్టేటప్పుడు వేసవిలో మొదలుపెట్టండి, ఆగస్టు దాటితే గుంతలో ఊట తోడడానికే కూలీలు సరిపోతారు. ప్లంబరుతో ముందే మాట్లాడుకోండి, టైల్స్ వేయకముందు గుంత నిండా నీళ్ళు పోసి, పంపు దానంతట అది ఆన్ అయి ఆఫ్ అయ్యేదాకా మూడు నాలుగు సార్లు మీ ముందే తిప్పి చూపించాలి, తర్వాత మెయిన్ ఆఫ్ చేసి ఒక రాత్రి గుంతను నిండుగా వదిలేసి పొద్దున నీటి మట్టం దిగిందా చూడాలి, దిగితే గుంత కారుతున్నట్టు. ఆ రెండూ తేలేదాకా ఆఖరి కంతు డబ్బు మీ దగ్గరే ఉండనీయండి.